ఎర్రడబ్బా ఓడ

నేను ఓడెక్కానని తెలిసి నందిగామలో నన్ను చూసి ఏడ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. మా వీధిలో ఒకావిడైతే నేను తిరిగొచ్చాక కూడా ముఖం తిప్పుకునే తిరుగుతోంది. వాళ్ళందరికీ చెబుతున్నాను, ఏడవాల్సింది నన్ను చూసి కాదు. చిల్లకల్లు వెళ్ళి మా అన్నయ్య మిరపచేను చూసి ఏడవండి. ఆ ఓడ బయల్దేరింది అక్కణ్ణించే.

మా ఆయన నరేంద్రకి నందిగామ మార్కెట్ రోడ్డులో పురుగుమందుల కొట్టుంది. మందుల కంపెనీలకి ఒక అలవాటు. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లని విదేశాలు తిప్పి తీసుకొస్తారు. ఒకసారి బ్యాంకాక్, ఒకసారి దుబాయ్. అవన్నీ మగవాళ్ళ టూర్లు. అక్కడేం చూశారో వాళ్ళు చెప్పరు, మేం అడగం. ఈసారి మాత్రం కంపెనీకి ఏం బుద్ధి పుట్టిందో, జంటలుగా రమ్మన్నారు. కరీబియన్ సముద్రంలో లగ్జరీ ఓడ అన్నారు. పెద్దది కాదు, చిన్న ఓడ. చిన్నదైతేనే గొప్పట. వేలమంది ఎక్కే ఓడలు పోలేని దీవుల్లోకి కూడా అది పోతుందట.

ఆ కబురు విన్నరోజు నేను పొంగిపోయాను. అబద్ధమెందుకు చెప్పాలి? పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నన్ను తీసుకెళ్ళిన దూరం తిరుపతి. చక్రాల సూట్‌కేసు కొన్నాను. చీరల మీదకి వేసుకునే బూట్లు కొన్నాను. గోంగూర పచ్చడీ కందిపొడీ గట్టి డబ్బాల్లో కుక్కి, పైన టేపు చుట్టాను. కనపడినవాళ్ళందరికీ ఓడ సంగతి నేనే చెప్పాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా రైతులు కొట్టుకొచ్చి ఫలానా మందు కావాలని అడగరు. చేలోంచి ఒక రెమ్మ తుంచి, కవర్లో పెట్టుకుని తెచ్చి, కౌంటరు మీద పెడతారు. కొట్టాయన ఆ రెమ్మ తిరగేసి చూస్తాడు, పువ్వుని అరచేతిలోకి దులిపి చూస్తాడు, వెనక్కి తిరిగి అరలోంచి ఒక డబ్బా తీస్తాడు. డబ్బా మీద ఏం రాసుందో రైతు చదవడు. చదవడం రాక కాదు. ఎదురుగా నిలబడి చదివితే నమ్మనట్టు ఉంటుందని చదవడు.

మా అన్నయ్య రత్తయ్యయితే రెమ్మ కూడా తేడు. బావగారి కొట్టు, బావగారి చెయ్యి, ఇంక చూపించేదేముంది అంటాడు. నాన్న పోయాక నన్ను పెంచి, పెళ్ళి చేసిందీ ఆయనే. చిల్లకల్లులో నాలుగెకరాల మిరప. పూతలో చేరి పిందె కట్టనివ్వని నల్లటి తామరపురుగు ఒకటి వచ్చిందిగా మా వైపుకి, దాని మూలాన వరసగా రెండేళ్ళు పంట పోయింది. ఈ ఏడు కూడా పోతే చేను కౌలుకిచ్చేసి, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరతానన్నాడు. అరవై దాటిన మనిషి. ఊళ్ళో నలుగురికీ మిరపనారు పొయ్యడం నేర్పిన మనిషి ఎండలో గేటు దగ్గర నిలబడి లారీలకి చెయ్యూపుతాడన్నమాట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఆ పూత మీదే ప్రాణం.

కార్తీకంలో వనభోజనాలకి వదిన పిలిస్తే చిల్లకల్లు వెళ్ళాను. నేను కారెక్కుతుంటే మా ఆయన రెండు అట్టపెట్టెలు డిక్కీలో పెట్టించారు. నిండా ఎర్రడబ్బాలు.

"బావకివ్వు. పూత మీద రెండుసార్లు కొట్టమను. ఈ దెబ్బతో నల్లపురుగు పీడ పోద్ది," అన్నారు.

నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అన్నయ్య ఆ పెట్టెలకి బొట్టు పెట్టడమొక్కటే తక్కువ.

డిసెంబరులో బార్బడోస్ అనే దీవిలో ఓడెక్కాం. ఎక్కగానే మొహం తుడుచుకోడానికి చల్లటి తువ్వాళ్ళిచ్చారు, గొడుగు గుచ్చిన గ్లాసుల్లో షర్బత్తులిచ్చారు. గదికో బాల్కనీ. మంచం మీద తువ్వాలుతో చేసిన హంస. పనివాళ్ళు రెండో పూటకే "ప్రమీలా మేడం" అని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఓడలో సగంమంది మన డీలర్లు, సగంమంది వయసు మళ్ళిన తెల్లజంటలు. వాళ్ళు పుస్తకాలు చదువుకుంటూ పడక కుర్చీల్లో ఉండేవాళ్ళు. మనవాళ్ళు కంపెనీ టోపీలు పెట్టుకుని వీడియోకాల్స్‌లో ఊరందరికీ సముద్రం చూపించేవాళ్ళు.

కంపెనీ తరఫున వచ్చిన రీజనల్ మేనేజర్ పేరు జయరాజ్. సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. చిన్న పడవల్లో ఏ దీవికి తీసుకెళ్ళినా, దిగగానే ఆయన చేసే మొదటి పని ఫ్లెక్సీ విప్పడం. కంపెనీ పేరు, ఎర్రడబ్బా బొమ్మ, కింద "విజేతల విహారయాత్ర". దాని వెనక మమ్మల్నందరినీ నిలబెట్టి ఫొటో తీసేవాడు. ఒకరోజు ఆ ఫ్లెక్సీని ఓడ రెయిలింగుకే కట్టించాడు. కెప్టెన్ స్వయంగా వచ్చి, మర్యాదగానే, తీసెయ్యమన్నాడు. మా ఆయన ఆ ఫొటోలన్నీ ఏ పూటవి ఆ పూట వాట్సప్ స్టేటస్‌లో పెట్టేవారు. కొట్టుకొచ్చే రైతులందరి నంబర్లూ ఆ ఫోన్లోనే ఉన్నాయి. చిల్లకల్లులో మా వదిన సౌభాగ్యమ్మ అన్నీ చూసి, మీ జంట బాగుందని వాయిస్ మెసేజ్ పెట్టింది.

నేనూ సంతోషంగానే ఉన్నాను. ముక్త్యాల దగ్గర కృష్ణని చూసి నీళ్ళంటే అవే అనుకున్నదాన్ని. ఇక్కడ పడవ అంచు మీంచి వంగితే అడుగున ఇసుక, ఇసుక మీద మా పడవ నీడ కనిపించేవి. సెయింట్ లూసియా అనే దీవి దగ్గర సముద్రంలోంచి నిటారుగా లేచిన రెండు కొండల్ని చూస్తూ కాఫీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. ఇదంతా మాకు దక్కాల్సిందే అనుకున్నాను. కష్టపడి అమ్మారు, కంపెనీ మెచ్చుకుని పంపింది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో చూడండి.

గ్రెనడా దీవిలో జాజికాయ తోట చూపించడానికి తీసుకెళ్ళారు. మగవాళ్ళు ఫ్లెక్సీతో ముందుకి పోయారు. నేనూ, జగ్గయ్యపేట నుంచి వచ్చిన జీనత్తూ వెనకబడ్డాం. జీనత్ వాళ్ళాయన హారూన్‌కి కూడా మందుల కొట్టే. ఓడలో నాకు దగ్గరైంది ఆ అమ్మాయొక్కతే. తోట పక్కన ఒక రేకులిల్లు, దాని పెరట్లో మిరపమొక్క. కాయలు గుమ్మడిపిందెల్లా గుండ్రంగా ఉన్నాయి గానీ పువ్వు మన పువ్వే. నా చెయ్యి ఊరుకోలేదు. ఒక పువ్వు కోసి అరచేతిలోకి దులిపాను. పుప్పొడి తప్ప ఏం రాలలేదు. ఒక్క పురుగు లేదు.

జీనత్ నవ్వింది. "ఇక్కడికొచ్చి కూడా నల్లపురుగేనా అక్కా?"

"అలవాటమ్మా. మా అన్నయ్య చేలో పూతొచ్చింది. రేపు పొద్దున్నే రెండో మందు కొట్టిస్తున్నాడంట, వదిన మెసేజ్ పెట్టింది. ఎర్రడబ్బా ఇచ్చాంగా, ఈసారి గట్టెక్కుతాడు."

జీనత్ నవ్వు ఆపేసింది. "ఏ అన్నయ్య? మీ సొంత అన్నయ్యా?"

"అవును. ఏం?"

ఆ అమ్మాయి మగవాళ్ళు వెళ్ళినవైపు చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది. "ఎర్రడబ్బా నల్లపురుక్కి పనిచెయ్యదు కదక్కా. దసరాకి బెజవాడ మీటింగ్‌లో కంపెనీవాళ్ళే చెప్పారంట. చిన్న తామరపురుక్కి తప్ప దీనికి పనిచెయ్యదు, వచ్చే ఏడు నుంచి ఆపేస్తున్నాం, ఉన్న సరుకు మాత్రం వెనక్కి తీసుకోం, పూతలోపు ఖాళీ చేసినోళ్ళకి డబుల్ పాయింట్లు అన్నారంట. బావగారు మీకు చెప్పలేదా?"

పాయింట్లంటే ఈ టూరుకి లెక్కేసే పాయింట్లు.

"మరి మీరేం చేశారు?" అన్నాను.

"మేం గడ్డిమందు అమ్మి పాయింట్లు లాక్కొచ్చాం. మిగిలిన ఎర్రడబ్బాలు బోర్డరు దాటించి ఖమ్మం వైపు కొట్లకి పంపించాం. తెలిసినోళ్ళకి ఇవ్వలేం కదక్కా, రేపు మొహమెట్టా చూపిస్తాం? మా రైతులకి నీలం జిగురు అట్టలు కట్టించాం, వేపనూనె కొట్టించాం. పూర్తిగా పోలేదుగానీ చాలావరకు నిలబడింది. పూతమీదున్న ఈ కాసిని రోజులే అక్కా, ఇవి దాటితే ఇంకేం చేసినా లాభం లేదు."

తెలియనివాళ్ళకైతే ఇవ్వొచ్చన్నమాట. అప్పుడే ఆ మాట అనాల్సింది. కానీ నా బుర్రలో మా కారు డిక్కీ, ఆ రెండు అట్టపెట్టెలు తప్ప ఇంకేం లేవు.

ఓడకి తిరిగొచ్చి గది తలుపు వేసి అడిగాను. మా ఆయన బాల్కనీలో కూర్చుని, ఫొటోల్లో ఏది స్టేటస్‌లో పెట్టాలా అని చూస్తున్నారు.

"ఎర్రడబ్బా పనిచెయ్యదని మీకు దసరాకే తెలుసా?"

ఆయన తలెత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"తెలుసా, తెలీదా?"

"అదేం విషం కాదుగా. మందే. వేరే పురుగులకి పనిచేస్తది."

"మా అన్నకున్నది ఆ వేరే పురుగు కాదుగా. ఆయనకే ఎందుకిచ్చారు?"

అప్పుడు తలెత్తారు. చిరాకుగా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "ఆఖరి వారంలో టార్గెట్‌కి కొంచెం తగ్గింది ప్రమీలా. బయటోళ్ళకిస్తే రేపు డబ్బాలు తెచ్చి కొట్టు ముందు కుప్పపోస్తారు, టీవీవాళ్ళని పిలుస్తారు. మీ అన్న అట్టాంటి మనిషి కాదు. మనోడు, సర్దుకుపోతాడు."

మనవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పండక్కి బియ్యం, మొదటి కోత మిరపకాయలు మోసుకొచ్చి మా గుమ్మంలో దించుతున్న మనిషి. ఇంటి అల్లుడని ఈయన ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూడా కూర్చోడు. ఎదురుచెప్పడని తెలిసి, సరిగ్గా అందుకే ఆయన్ని ఎంచుకున్నారు. దొంగ కూడా కుక్కలేని ఇల్లే చూసుకుంటాడు గానీ, అది తన అత్తవారిల్లు అవునో కాదో కూడా చూసుకుంటాడు. బాల్కనీ కింద సముద్రం అంత నీలంగా, అంత అందంగా ఉండటం కూడా నాకు ఒళ్ళుమండించింది.

"ఇప్పుడే ఫోన్ చేసి కొట్టొద్దని చెప్పండి," అన్నాను.

"ఇవాళ సాయంత్రం మనకి సన్మానం. గొడవలు పెట్టకు. వెళ్ళాక చూద్దాం," అని తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళారు.

అక్కడ రాత్రి భోజనాలకి కూర్చునే వేళకి మనకి తెల్లవారుతుంది. అందరూ ముస్తాబై కింద హాల్లోకి వెళ్తుంటే నేను పైడెక్కు మీదకెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేశాను. మందు కొట్టే తైవాన్ పంపు మోటారు చప్పుడు వినిపించింది. అప్పటికే చేలో ఉన్నాడు.

"అన్నయ్యా, ఆ ఎర్రడబ్బా కొట్టొద్దు. పక్కన పెట్టెయ్."

"ఏమ్మా, ఓడలోంచేనా? గాలి చప్పుడొస్తంది."

"నే చెప్పేది విను. ఆ మందు ఈ పురుక్కి పనిచెయ్యదు. కంపెనీవాళ్ళే చెప్పారంట. జగ్గయ్యపేట వెళ్ళి నీలం అట్టలు తెచ్చి కట్టు, వేపనూనె కొట్టించు. ఇవాళే."

మోటారు ఆపించాడు. "ఈ మాట బావగారు చెప్పారా?"

"నేను చెబుతున్నా."

"నువ్వు చెప్పడం కాదమ్మా. మందిచ్చింది ఆయన, రెండుసార్లు కొట్టమంది ఆయన. ఇప్పుడు నువ్వు కొట్టొద్దంటన్నావు. మీ ఇద్దరికీ ఏవన్నా మాటా మాటా వచ్చిందా?"

"మా సంగతి కాదన్నయ్యా, చేను సంగతి."

"ఫోన్ ఒకసారి బావగారికివ్వు."

మెట్లు దిగి హాల్లోకెళ్ళాను. తెల్లటి బల్లగుడ్డలు, మెరిసే గ్లాసులు. మా ఆయన జయరాజ్ పక్కనే కూర్చున్నారు. చుట్టూ డీలర్లు. నేను ఫోను స్పీకర్లో పెట్టి ఆయన పళ్ళెం పక్కన ఉంచాను.

"అన్నయ్య లైన్లో ఉన్నాడు. మందు కొట్టాలో వద్దో మీ నోటితో చెప్పండి."

జయరాజ్ గ్లాసు కింద పెట్టాడు, నవ్వు మాత్రం అలాగే ఉంది. మా ఆయన నావైపు చూడలేదు, జయరాజ్ వైపు చూశారు. తర్వాత ఫోను మీదకి వంగారు.

"కొట్టు బావా. ఏం కాదు. నే వచ్చాక చూస్తాగా."

"అదే అనుకున్నా బావా," అన్నాడు మా అన్నయ్య. గొంతులో ఎంత ఊరటో. "చెల్లి ఏదో కంగారుపడతంది. కొత్త ప్రదేశం కదా. కాస్త చూసుకోండి."

మళ్ళీ మోటారు చప్పుడు. తర్వాత లైను పోయింది.

నేను అక్కణ్ణించి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. మా ఆయన పక్కనే కూర్చున్నాను. పెట్టిందేదో తిన్నాను. సన్మానం మొదలైంది. జయరాజ్ మైకు పట్టుకుని, నందిగామ నుంచి నరేంద్రగారు, ఎర్రడబ్బా అమ్మకాల్లో నంబర్ వన్, దంపతులిద్దరూ రావాలన్నాడు. మా ఆయనకి శాలువా కప్పారు. నా చేతిలో తెల్లటి పాలరాయిలాంటిదాంతో చేసిన చిన్న ఓడబొమ్మ పెట్టారు. డెక్కు మీద కంపెనీ పేరు చెక్కి ఉంది. ఫొటోలయ్యాక జయరాజ్ అలవాటు ప్రకారం మైకు నాకిచ్చాడు.

"మేడం, మన కంపెనీ గురించి రెండు మాటలు."

ఆడవాళ్ళు మైకు తీసుకుని థాంక్స్ చెప్పి ఇచ్చేస్తారని వాళ్ళ నమ్మకం. నేను తీసుకున్నాను.

"నాకు మాట్లాడటం రాదండి. ఒక్కటే అడుగుతా. మీరందరూ ఎర్రడబ్బా అమ్మి ఇక్కడికొచ్చారు. అది పనిచెయ్యదని దసరాకే మీ అందరికీ తెలుసు. మీలో ఎవరన్నా దాన్ని మీ సొంత అన్నకో, తమ్ముడికో, బావమరిదికో ఇచ్చారా? ఇచ్చినోళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. హారూన్ పళ్ళెంలోకి చూస్తున్నాడు. జీనత్ కొంగు సర్దుకుంటోంది. మాచర్ల డీలరొకాయన, పొద్దున పడవలో నాకు చెయ్యందించిన పెద్దమనిషి, నీళ్ళగ్లాసుని తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎవరూ ఇవ్వలేదు కదా. మీ అందరికన్నా మా ఆయనే గొప్పండి. మా అన్నకి ఇచ్చారు. నా చేత్తోనే పంపించారు. అందుకే నంబర్ వన్," అని మైకు జయరాజ్ చేతిలో పెట్టాను.

పక్క బల్లల దగ్గరున్న తెల్లవాళ్ళకి మన భాష తెలియదు కదా, నేను థాంక్స్ చెప్పాననుకుని చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన లేచి నిలబడి మరీ కొట్టాడు.

ఆ తర్వాత ఓడ ఇంకా ఏవో దీవులు తిరిగింది. నాకు ఒక్కటీ గుర్తులేదు. మా ఆయన నాతో మాట్లాడలేదు. జీనత్ నా గది తలుపు ఒకసారి తట్టింది. "ఖమ్మం వైపోళ్ళ గురించి కూడా ఆలోచిస్తన్నా అక్కా," అని వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. నేను రోజూ వదినకి మెసేజ్‌లు పెట్టాను. వదిన చూసినట్టు నీలం టిక్కులు పడేవిగానీ జవాబు రాలేదు.

శంషాబాద్‌లో దిగి కారెక్కాం. నందిగామ పోవాలంటే చిల్లకల్లు మీదుగానే పోవాలి. టోల్‌గేట్ దగ్గరికి రాగానే కారు ఆపమన్నాను. మా ఆయన వద్దనలేదు. చేతిసంచితో దిగిపోయాను.

అన్నయ్య గుమ్మంలోనే ఎదురయ్యాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను లోపలికి రమ్మనలేదు.

"నలుగురిలో మీ ఆయన పరువు తీసావంటమ్మా. బావగారే ఫోన్ చేసి చెప్పారు. ఆ గొంతు విని నాకు అన్నం సయించలేదు. ఇట్టాగేనా నిన్ను పెంచింది?"

మా ఆయన ఓడలోంచి ఫోన్ చేశారన్నమాట. మందు కొట్టొద్దని చెప్పడానికి కాదు, నా మీద చాడీ చెప్పడానికి. నేను అన్నయ్యతో వాదించలేదు. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి చేలోకి నడిచాను. వదిన నా వెనకే వచ్చింది. కాసేపటికి ఆయనా వచ్చాడు.

చేను దూరం నుంచే తెలిసిపోయింది. ఆకులు ముడుచుకుపోయాయి. చాళ్ళ మధ్య నేలంతా రాలిన పూత. మిగిలిన ఒక పువ్వు కోసి అరచేతిలోకి దులిపాను. నల్లగా రాలాయి, చెయ్యంతా పాకాయి. ఆ చెయ్యి తీసుకెళ్ళి అన్నయ్య మొహం ముందు పెట్టాను. చూశాడు. చూసి గట్టు మీద కూర్చున్నాడు.

"రెండోసారి కొట్టాక కూడా తగ్గలేదని కనపడుతోందిగా. మరి ఇంకేమీ చెయ్యకుండా ఎందుకూరుకున్నావు?"

వదినే చెప్పింది. "నేను వేపనూనె తెప్పిస్తానన్నా ప్రమీలా. అట్టలు కూడా కడదామన్నా. నువ్వు పెట్టిన మెసేజీలు చూపించా. బావగారి మందు మీద ఇంకోళ్ళ మందు కొడితే ఆయన చిన్నబుచ్చుకుంటారు, ఆయనొచ్చి చూస్తానన్నారుగా అన్నాడు మీ అన్న."

ఇరవై అడుగుల అవతల పక్కవాళ్ళ చేలో కర్రలకి కట్టిన నీలం అట్టలు ఊగుతున్నాయి. వాళ్ళ పూత కొంత నిలబడే ఉంది.

"ఫ్యాక్టరీలో అడిగొచ్చాలే," అన్నాడు అన్నయ్య నేలవైపు చూస్తూ. "వచ్చే నెల నుంచి రమ్మన్నారు. గేటు దగ్గర నీడ ఉందంట." గొంతు తగ్గించాడు. "ప్రమీలా, బావగారికి మాత్రం చెప్పకమ్మా. ఆయనిచ్చిన మందుకే చేను పోయిందని తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మీద, జయరాజ్ మీద, చెయ్యెత్తని ఆ హాలు మీద ఎంత కోపమొచ్చిందో అంత కోపమూ మా అన్నయ్య మీద వచ్చింది. ఈ మంచితనం చూసుకునే కదా వాళ్ళు డబ్బా పంపింది. ఆయన్ని భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. కానీ గట్టు మీద కూర్చున్న ఆ మనిషి మొహం చూస్తే చెయ్యి రాలేదు. చేలోంచి ఒక రెమ్మ తుంచాను. రెండు పువ్వులున్నది చూసి తుంచాను.

మర్నాడు పొద్దున బస్సెక్కి నందిగామలో దిగాను. ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా కొట్టుకే వెళ్ళాను. మార్కెట్ రోడ్డు అప్పుడే రద్దీగా ఉంది. కౌంటరు ముందు ముగ్గురు రైతులున్నారు. కౌంటరు మధ్యలో, అందరికీ కనపడేలా, తెల్లటి ఓడబొమ్మ. మా ఆయన నవ్వుతూ ఎవరికో టూరు కబుర్లు చెబుతున్నారు. నన్ను చూసి ఆగారు.

నేను లోపలికి వెళ్ళే పక్కతలుపు వైపు పోకుండా రైతుల వెనకే నిలబడ్డాను. ముందున్న మనిషి మందు తీసుకుని వెళ్ళాడు. మిగతా ఇద్దరూ నేనెవరో తెలిసినవాళ్ళే. మీరు కానివ్వండమ్మా అని తప్పుకున్నారు. కవర్లోంచి రెమ్మ తీసి కౌంటరు మీద పెట్టాను.

"ఇంటికెళ్ళు ప్రమీలా. మధ్యాహ్నం వస్తా, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నారు గొంతు తగ్గించి.

"నేను ఇంటి మనిషిగా రాలేదండి. చిల్లకల్లు నుంచి వచ్చా. నాలుగెకరాల మిరప. మీరిచ్చిన ఎర్రడబ్బా పూత మీద రెండుసార్లూ కొట్టాం. చూసి చెప్పండి."

ఆయన రెమ్మ ముట్టుకోలేదు. కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగారు.

నేనే ఒక పువ్వు తుంచి, దులపడానికి తెల్లటిదేమైనా ఉందేమోనని చూశాను. ఓడబొమ్మ దగ్గరగా ఉంది. దాని డెక్కు మీదకి దులిపాను. కంపెనీ పేరు చెక్కిన చోట నల్లగా రాలి, అక్షరాల మీద పాకడం మొదలుపెట్టాయి. నా వెనకున్న రైతులిద్దరూ మెడ సాచి చూశారు. వాళ్ళలో ఒకతను తన కవర్లోంచి రెమ్మ తీసి, నా రెమ్మ పక్కన పెట్టాడు.

"ఇప్పుడేం మందు కొట్టమంటారో చెప్పండి," అన్నాను. "తొందరగా చెప్పండి, నా వెనక మనుషులున్నారు."